పల్లినూనె గానుగకు ఆరు లక్షలు: సంఘం అప్పు ఎంత, సొంత అప్పు ఎంత

ముందు ప్రశ్న ఏమిటో నాలుగు ముక్కల్లో చెప్తాను. అడిగినామెది కల్వకుర్తి దగ్గర ఒక పల్లె. ఎనిమిదేళ్లుగా మహిళా సంఘంలో ఉన్నారు, కిస్తీ తప్పలేదు. పల్లీలు కొని కిరాయి గానుగలో ఆడించి నూనె అమ్ముతున్నారు. ఇప్పుడు సొంతంగా కరెంటు గానుగ పెట్టాలని ఉంది. మిషన్‌కు, షెడ్డు బాగుచేయడానికి, పల్లికాయ కొనడానికి అన్నీ కలిపి ఆరు లక్షలు కావాలి. బ్యాంకులో అడిగితే "మీ ఆయన పొలం పాస్‌బుక్కు తెండి" అన్నారు. ఊళ్లో ఒకాయన సబ్సిడీ ఇప్పిస్తానని, అందులో పది శాతం తనకు కావాలని వెంటపడుతున్నాడు. ముద్ర, పీఎంఈజీపీ, స్టాండప్ ఇండియా, ఇందిరా మహిళా శక్తి, ఇన్ని పథకాల పేర్లు విన్నారు గానీ తనకు పనికొచ్చేది ఏదో తేలడం లేదు.

నేను గ్రామీణ బ్యాంకులో చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం నల్లగొండ, పాలమూరు జిల్లాల్లోనే గడిచింది. కౌంటర్ లోపలి నుంచి ఈ పథకాలు ఎలా కనబడతాయో చెప్పగలను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

మొదట మీ లెక్కను రెండు ముక్కలు చేయండి. మిషన్, షెడ్డు ఒక ముక్క. పల్లికాయ కొనే డబ్బు ఇంకో ముక్క. ఈ రెండూ ఒకే అప్పుతో తీరాలని చూస్తారు కాబట్టే చాలామంది ఇరుక్కుంటారు. మిషన్ అప్పు ఐదేళ్లలో మెల్లగా తీరేది. సరుకు డబ్బు ఏడాదిలో ఎన్నోసార్లు తిరిగేది. మిషన్ వచ్చి, సరుకుకు పైసల్లేక, చివరికి నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి, ఆ మిత్తికే లాభమంతా పోయిన యూనిట్లు మన దగ్గర కోకొల్లలు. ప్రభుత్వ పథకాల్లో ఎక్కువ భాగం మిషన్ వైపే చూస్తాయి. సరుకు వైపు చూసేవి తక్కువ. నా దృష్టిలో ఈ పథకాల్లో ఉన్న అసలు లోటు అదే.

మీ సరుకు లెక్కే చూద్దాం. వంద కిలోల కాయ కొడితే 65 నుంచి 70 కిలోల పప్పు వస్తుంది. గానుగలో పప్పుకు నలభై శాతం అటూఇటూ నూనె. అంటే ముప్పై క్వింటాళ్ల కాయకు రెండువేల కిలోల పప్పు, దాదాపు ఎనిమిది వందల కిలోల నూనె, మిగతాది చెక్క. చెక్కను పాడి ఉన్నవాళ్లు ఇంటికొచ్చి కొనుక్కుపోతారు, దాని గురించి బెంగ లేదు. రోజుకు వంద కిలోల పప్పు ఆడే మిషన్‌కు ఇది ఇరవై రోజుల పని. క్వింటాలు కాయ ఆరున్నర వేలు అనుకున్నా ఈ ఇరవై రోజుల పనికే రెండు లక్షలు పెట్టుబడి. మీరు పంపిన లెక్కలో సరుకుకు లక్ష మాత్రమే ఉంది. అది చాలదు.

ఇప్పుడు సంఘం సంగతి. మిగతా పథకాలన్నీ కలిపినా మన ఆడవాళ్లకు సంఘం అప్పు చేసినంత మేలు చేయలేదని నా అభిప్రాయం. 1992లో నాబార్డు ప్రయోగంగా మొదలుపెట్టిన సంఘాల బ్యాంకు లింకేజీ, 2000లో వచ్చిన వెలుగు పేదరిక నిర్మూలన ప్రాజెక్టుతో మన దగ్గర ఊరూరికీ పాకింది. వెలుగును మొదట తీసుకున్న ఆరు జిల్లాల్లో పాలమూరు ఒకటి. ఆ తర్వాత పావలా వడ్డీ, 2012 నుంచి వడ్డీ లేని రుణం. ఇప్పుడు సంఘానికి ఐదు లక్షల వరకు అప్పుకు, కిస్తీలు తేదీకి కడితే, వడ్డీ ప్రభుత్వం భరిస్తుంది. కేంద్రం లెక్కన మూడు లక్షల వరకు బ్యాంకు 7 శాతానికే ఇవ్వాలి, అంటే నూటికి నెలకు అరవై పైసలు కూడా పడదు. ఆ భారాన్ని కూడా రాష్ట్రం తీసుకుంటుంది.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. ఒకటి, వడ్డీ లేనిది అంటే బ్యాంకు వడ్డీ వేయదని కాదు. సంఘం ముందు కట్టాలి, ఆ సొమ్ము తర్వాత ఖాతాలో జమ అవుతుంది. ఆ జమ ఏళ్ల తరబడి ఆగిన రోజులూ చూశాం. కాబట్టి మీ వ్యాపారం లెక్కలో సంఘం అప్పుకూ వడ్డీ ఉన్నట్టే రాసుకోండి, జమైతే అది కలిసొచ్చినట్టు. రెండోది, ఐదు లక్షల పరిమితి సంఘానికి, మనిషికి కాదు. సంఘం పది లక్షలు తీసుకుంటే ఐదు దాటిన దాని మీద వడ్డీ మాఫీ రాదు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. సంఘానికి పది లక్షలు వస్తే మనవాళ్లు ఏం చేస్తారు? పదిమందీ తలా లక్ష పంచుకుంటారు. ఒకామె బిడ్డ పెళ్లికి, ఒకామె బోరుకు, ఒకామె పాత అప్పుకు. వ్యాపారం చేసే మీకూ అదే లక్ష, ఏమీ చేయని పక్కామెకూ అదే లక్ష. నిజానికి అప్పు తీసుకునే ముందు ఎవరికి దేనికి ఎంత కావాలో సూక్ష్మ రుణ ప్రణాళిక రాయాలి, దాన్నిబట్టే పంచాలి. ఎక్కువచోట్ల అది ఊళ్లో సంఘాల లెక్కలు రాసే వీవోఏ కూర్చుని కాగితం మీద నింపే ఫారమే. మీ సంఘంలో తర్వాతి అప్పు వచ్చేలోపు సమావేశంలో ఈ మాట పెట్టండి. "నా గానుగకు రెండు లక్షలు కావాలి, మీలో ఇద్దరు ఈసారి తగ్గించుకుంటే వచ్చేసారి నేను తగ్గించుకుంటా" అని అడగండి. మొహమాటపడకండి. ఎనిమిదేళ్లు కిస్తీ తప్పని మనిషి అడిగితే కాదనరు, కాదన్నా పోయేదేం లేదు. తీర్మానం పుస్తకంలో రాయించి సంతకాలు పెట్టించండి. సరుకు పైసలకు ఇంతకన్నా చవక దారి మీకు దొరకదు. అక్కడ కుదరకపోతే మహిళా సంఘాలకు అప్పులిచ్చే సహకార సంస్థ స్త్రీనిధి ఉంది. ఊళ్లోని సంఘాలన్నీ కలిసిన గ్రామైక్య సంఘం (వీవో) ద్వారా అడగాలి. బ్యాంకు లింకేజీ కన్నా త్వరగా వస్తుంది, సరుకు సీజన్‌లో ఆ త్వరే ముఖ్యం.

సంఘంలో ఒకరిద్దరు బాకీ ఉన్నారని బ్యాంకు మొత్తం సంఘానికి అప్పు ఆపేస్తుంటుంది. "వాళ్ల ఆయన క్రాప్ లోను కట్టలేదు, ముందు అది కట్టించండి" అనడం కూడా మామూలే. కొందరు సభ్యులో, వాళ్ల ఇంటివాళ్లో బాకీ ఉన్నంత మాత్రాన సంఘానికి రుణం ఇవ్వడానికి అది మామూలుగా అడ్డు కాకూడదని రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్‌లోనే ఉంది. పది లక్షల వరకు సంఘం అప్పుకు జమానతు (తాకట్టు) అడగకూడదు, సంఘం పొదుపు ఖాతాను ఆపి పెట్టకూడదు. ఈ మాటలు మండలంలో సంఘాల పని చూసే ఏపీఎంకు తెలుసు. మీరు ఆయన చేత బ్యాంకులో చెప్పించండి, మీరొక్కరే వెళ్లి వాదనకు దిగకండి.

ఇక మిషన్. ఇది మీ పేరు మీద, సంఘంతో సంబంధం లేకుండా తీసుకోవాలి.

మీకు నేను చెప్పేది పీఎంఈజీపీ, అంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం. పల్లెలో ఆడవాళ్లు పెట్టే యూనిట్‌కు ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, మీ సొంత వాటా 5 శాతం చాలు. జనరల్ కేటగిరీ మగవాళ్లకైతే ఇదే 25, 10. పైగా దీని ప్రాజెక్టు ఖర్చులో ఒక విడత సరుకు డబ్బు కూడా కలుపుకోవచ్చు. మీ ఆరు లక్షలకు లెక్క ఇలా ఉంటుంది: మీ వాటా 30 వేలు, బ్యాంకు ఇచ్చేది 5 లక్షల 70 వేలు, సబ్సిడీ 2 లక్షల 10 వేలు. ఆ సబ్సిడీ మీ చేతికి రాదు. మీ పేరు మీద మూడేళ్లు డిపాజిట్‌గా బ్యాంకులోనే ఉంటుంది, దానిమీద వడ్డీ రాదు, అంత మేరకు అప్పు మీద వడ్డీ పడదు. మూడేళ్లు యూనిట్ నడిస్తే అప్పులో కలిపేస్తారు. అంటే మీరు నిజంగా మోసేది 3 లక్షల 60 వేలు. ఐదేళ్లు, 11 శాతం అనుకుంటే నెలకు సుమారు 7,800 కిస్తీ. నూనె మీద ఆ మాత్రం మిగులుతుందా అన్నది మీరే చెప్పాలి. మిగలకపోతే ఏ సబ్సిడీ కూడా గట్టెక్కించదు.

సబ్సిడీ చేతికి రాదన్న ఈ ఒక్క సంగతి తెలిస్తే ఊళ్లో ఆ పది శాతం ఆయన ఆట కట్టినట్టే. ఆయన అడిగేది రేపు వచ్చే డబ్బులో వాటా కాదు, ఈరోజు మీ జేబులోంచి 21 వేలు. పీఎంఈజీపీకి ఆన్‌లైన్‌లో మీరే అప్లై చేయొచ్చు, ఫీజు లేదు, ఏజెంట్లు లేరు. జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్తే ఫారం నింపడంలో సాయం చేస్తారు.

దీనిలో రెండు గోతులున్నాయి. భార్యాభర్తలిద్దరిలో ఒకరికే ఇది వర్తిస్తుంది. మీ ఆయన ఎప్పుడైనా పీఎంఈజీపీ కింద తీసుకుని ఉంటే మీకు రాదు. రెండోది, ఇది కొత్త యూనిట్‌కే. ముందే మిషన్ కొని, తర్వాత బిల్లు పెడదామంటే చెల్లదు. మంజూరుకు ముందు తొందరపడి అడ్వాన్సు ఇచ్చి పోగొట్టుకోకండి. షెడ్డు జాగా మామగారి పేరు మీద ఉందన్నారు కదా, ఆయనతో కిరాయి ఒప్పందం రాయించుకుంటే సరిపోతుంది.

ఆహార పదార్థాల యూనిట్లకే ప్రత్యేకంగా ఇంకో పథకం ఉంది, 2020లో వచ్చిన పీఎంఎఫ్ఎంఈ. ఇదీ 35 శాతమే, గరిష్ఠంగా పది లక్షలు. సరుకు డబ్బుకు మాత్రం ఇందులో సబ్సిడీ లేదు. మీ సొంత వాటా కనీసం పది శాతం. కాబట్టి మీ యూనిట్‌కు పీఎంఈజీపీయే మేలనిపిస్తుంది. ఒకే ఖర్చుకు రెండు సబ్సిడీలు తీసుకోవడం కుదరదు. అయితే దీనిలో ఒక మంచి అంశం చాలామందికి తెలియదు: ఆహార పదార్థాలు తయారుచేసే సంఘం సభ్యురాలికి 40 వేల వరకు మూలధనం ఇస్తారు, అది సరుకుకు, చిన్న పనిముట్లకు వాడుకోవచ్చు. సంఘాలన్నీ కలిసిన సమాఖ్య ద్వారా వస్తుంది. మీరు ఇప్పటికే నూనె చేస్తున్నారు కాబట్టి ఏపీఎంను దీని గురించి విడిగా అడగండి. ఈ పథకానికి జిల్లాలో దరఖాస్తుకు సాయం చేసే రిసోర్స్ పర్సన్లు ఉంటారు, వాళ్ల ఫీజు ప్రభుత్వమే ఇస్తుంది. మీ దగ్గర తీసుకోవాల్సిన పని లేదు. పీఎంఈజీపీ, ఇది, రెండూ 2025-26 దాకా మంజూరైన పథకాలు. మీరు దరఖాస్తు పెట్టే రోజుకు పోర్టల్ తెరిచి ఉందో లేదో ముందే చూసుకోండి.

ముద్ర సబ్సిడీ పథకం కాదు, జమానతు లేని అప్పు మాత్రమే. 50 వేల లోపు శిశు, ఐదు లక్షల వరకు కిశోర్, పది వరకు తరుణ్. పీఎంఈజీపీ ఆలస్యమైతే కిశోర్ కింద మిషన్ ఒక్కదానికే అడగండి. స్టాండప్ ఇండియా పది లక్షలకు పైన అడిగేవాళ్లకు పెట్టిన పథకం, గడువు కూడా 2025 మార్చితో అయిపోయింది. మీ విషయంలో మర్చిపోండి. దాని తర్వాత మొదటిసారి వ్యాపారం పెట్టే మహిళలు, ఎస్సీ, ఎస్టీలు ఐదు లక్షల మందికి రెండు కోట్ల వరకు టర్మ్ లోన్లు ఇస్తామని 2025 బడ్జెట్‌లో చెప్పారు, అదీ పెద్ద అప్పుల మాటే అనిపిస్తుంది. మీరు ఎస్సీ లేదా ఎస్టీ అయితే మాత్రం పరిశ్రమల కేంద్రంలో ఎస్సీ, ఎస్టీల యూనిట్లకు రాష్ట్రం పెట్టిన టీ-ప్రైడ్ పథకం గురించి తప్పక అడగండి.

ఇందిరా మహిళా శక్తి పేరు ఇప్పుడు బాగా వినబడుతోంది. ఇది రాష్ట్ర ప్రభుత్వ పథకం, 2024 మార్చిలో మొదలైంది, ఐదేళ్లలో సంఘాలకు లక్ష కోట్ల రుణాలు లక్ష్యమన్నారు. ఆర్టీసీకి అద్దె బస్సులు, సోలార్ ప్లాంట్లు, మన నారాయణపేటలో 2025లో తెరిచిన పెట్రోలు బంకు, ఇవన్నీ సమాఖ్యల పేరు మీద నడిచేవి. సంఘంలో ఒక్కొక్కరి చేతికి వ్యాపారం వచ్చేది బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి దారిలోనే, దానికి పేరు మారిందంతే. నన్నడిగితే మీరు ఈ పథకాన్ని అప్పుకోసం కాదు, గిరాకీ కోసం చూడాలి. కలెక్టరేట్ల దగ్గర మహిళా శక్తి క్యాంటీన్లు ఉన్నాయి, వాటికి నూనె కావాలి. గానుగ నూనె ధరకు క్యాంటీన్ వంట గిట్టుబాటు కాకపోవచ్చు, కానీ అక్కడ అరలో సీసాలు పెట్టి అమ్మమనొచ్చు. ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ లేకుండా మాత్రం ఎవరూ తీసుకోరు. చిన్న యూనిట్‌కు అది ఏడాదికి వంద రూపాయల పని.

ఇప్పుడు మీ ఆయన పాస్‌బుక్కు సంగతి. పది లక్షల లోపు చిన్న పరిశ్రమల అప్పుకు జమానతు అడగొద్దని బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు చెప్పి చాలా ఏళ్లయింది. ముద్రకు, పీఎంఈజీపీకి వెనక ప్రభుత్వ గ్యారంటీ ఫండ్లున్నాయి, ఆడవాళ్ల యూనిట్లకు ఆ గ్యారంటీ శాతం ఇంకా ఎక్కువ. అయినా ఎందుకు అడుగుతారు? అప్పు మొండిబాకీ అయితే గ్యారంటీ సొమ్ము కోసం బ్రాంచి పెట్టుకోవాల్సిన కాగితాల బాధ మేనేజరుకు తెలుసు, పై ఆఫీసు అడిగే ప్రశ్నలు కూడా తెలుసు. పొలం కాగితం చేతిలో ఉంటే ఆయనకు టెన్షన్ లేదు. అందుకని "రూల్ లేదు సార్" అంటూ మొదలుపెడితే పని జరగదు. ఆయన భయం తగ్గించే కాగితం మీరు తీసుకెళ్లాలి.

ఆ కాగితం మీ ఖాతా స్టేట్‌మెంట్. సంఘంలో ఎనిమిదేళ్ల మీ కిస్తీలు బ్యాంకు కంప్యూటర్‌లో సంఘం పేరు మీద కనబడతాయి గానీ మీ పేరు మీద సరిగ్గా కనబడవు. ఇన్నేళ్లు నమ్మకంగా కట్టిన మనిషి సొంత అప్పుకు వెళ్లేసరికి కొత్త మనిషి అయిపోతుంది. ఈ అన్యాయాన్ని పథకాలు ఇంకా సరిచేయలేదు, మీరే సరిచేసుకోవాలి. నూనె అమ్మిన ప్రతి రూపాయి మీ సొంత ఖాతాలోకి రానివ్వండి. ఫోన్‌పే క్యూఆర్ మీ ఆయన నంబరుకు కాదు, మీ నంబరుకు పెట్టించండి. నగదు వచ్చినా వారానికోసారి జమ చేయండి. చిన్న పరిశ్రమల నమోదు, అంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఉచితంగా అవుతుంది, మీ పేరుతోనే చేయించుకోండి. మీ సంఘం పుస్తకంలోంచి మీ వ్యక్తిగత కిస్తీల పేజీలకు వీవో తీర్మానం జతచేసి ఫైల్లో పెట్టండి. ఏడాది స్టేట్‌మెంట్‌లో నెలకు ముప్పై నలభై వేలు తిరిగినట్టు కనబడితే మేనేజరు మాట తీరే మారుతుంది. ఖాతా పాత ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు (ఏపీజీవీబీ) బ్రాంచిలో ఉంటే అది 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకు. పాత పాస్‌బుక్కు చూసి ఐఎఫ్ఎస్‌సీ కోడ్ రాయకండి, బ్రాంచిలో అడిగి రాయండి.

మీ అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టు ముందే తీసి చూసుకోండి. ఏడాదికోసారి ఉచితంగా ఇస్తారు. వారం కిస్తీల మైక్రోఫైనాన్స్ అప్పులు మీ పేరు మీద ఏవైనా ఉంటే అక్కడ తేలుతాయి. వదిన కోసమో చెల్లెలి కోసమో మీ ఆధార్ ఇచ్చి తీసినవి కూడా. 2010లో మన దగ్గర మైక్రోఫైనాన్స్ వసూళ్ల మీద చట్టం వచ్చాక ఈ కంపెనీలు కొన్నాళ్లు కనబడలేదు. రిజర్వ్ బ్యాంకు దగ్గర నమోదైన కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో హైకోర్టు తీర్పు ఇచ్చాక మళ్లీ తిరుగుతున్నారు. ఇంటి నెల ఆదాయంలో సగానికి మించి కిస్తీలు పడకూడదని 2022 నుంచి రూల్ ఉంది. ఆ రూల్ చూసుకునేది మీరే అనుకోండి. మిషన్ కోసం మాత్రం ఆ అప్పు జోలికి వెళ్లకండి. వారం వారం కట్టే డబ్బు ఐదేళ్ల మిషన్ నుంచి రాదు.

అన్నీ సరిగ్గా పెట్టినా బ్యాంకు కాదంటే? దరఖాస్తు ఇచ్చినప్పుడే రసీదు అడగండి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, అప్పు ఎంత చిన్నదైనా సరే. నోటిమాటగా "కుదరదమ్మా" అంటే "సరే సార్, అదే ముక్క రాసివ్వండి" అని మెత్తగా అనండి. సగం కేసుల్లో ఆ మాటతోనే ఫైలు కదులుతుంది. రాసిచ్చారంటే ఆ కాగితం పట్టుకుని జిల్లాలో బ్యాంకులన్నిటినీ సమన్వయం చేసే లీడ్ బ్యాంకు మేనేజరు దగ్గరికి వెళ్లండి. బ్యాంకుకు ఫిర్యాదు రాసి ముప్పై రోజులైనా జవాబు లేకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉంది, 14448కి ఫోన్ చేసి తెలుగులోనే అడగొచ్చు. అయితే దాన్ని చివర వాడండి. రేపు అదే బ్రాంచిలో మీకు సరుకు లిమిట్ కావాలి కదా.

సమయం గురించి ఒక మాట. యాసంగి పల్లికాయ కల్వకుర్తి, అచ్చంపేట, బాదేపల్లి మార్కెట్లకు జనవరి చివరి నుంచి మార్చి దాకా దిగుతుంది, కొనాల్సింది అప్పుడే. సంఘం అప్పు డిసెంబరుకల్లా చేతిలో ఉండాలి. పీఎంఈజీపీకి దరఖాస్తు, శిక్షణ, బ్యాంకు పరిశీలన అన్నీ కలిపి నెలలు పడుతుంది కాబట్టి దసరా దాకా ఆగకుండా వానాకాలంలోనే మొదలుపెట్టండి. ఒకవేళ సీజన్ నాటికి మిషన్ రాకపోయినా కాయ కొని ఎండబెట్టి ఉంచి, ఈ ఒక్క ఏడాది కూడా కిరాయి గానుగలోనే ఆడించండి. మిషన్ ఉండి కాయ లేకపోవడం కన్నా అదే నయం.

ఇంకొకటి, మీ షెడ్డుకు త్రీఫేజ్ కరెంటు ఉందో లేదో రాయలేదు. లేకపోతే లైను, మీటరు ఖర్చు ఎంతవుతుందో సబ్‌స్టేషన్ దగ్గర కరెంటు ఇంజనీరు (ఏఈ)ని అడిగి, ప్రాజెక్టు రిపోర్టులో ముందే కలపండి. మంజూరయ్యాక కలపడం కుదరదు. ఆ అంకె తెలిశాక మిషన్ కొటేషన్‌తో పాటు ఇక్కడ పెట్టండి, కిస్తీ లెక్క మళ్లీ వేసి చెప్తాను.